నాలుగు వేళ్ల బంగారు పట్టీ

బంగారు రంగు డబ్బా మూత తీయగానే కొత్తవాళ్లు కర్ర పెట్టి ఒకసారి గిరగిరా తిప్పేసి, రోలర్ ముంచేస్తారు. సగం గోడ అక్కడే చెడిపోతుంది. ఈ రంగులో ఉండేది లోహపు పొడి. బరువైనది. మీరు నిచ్చెన ఎక్కి దిగేలోపే డబ్బా అడుగుకు చేరిపోతుంది. పైభాగం గోడకు పలచటి టీ రంగు అంటుకుంటుంది, కింది భాగం గోడకు ముద్దకట్టిన ఇత్తడి అంటుకుంటుంది. అందుకే పది నిమిషాలకోసారి కలపాలి. విసుగొచ్చినా, చెయ్యి లాగినా కలపాలి. ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. విన్నవాళ్లు తక్కువ, అందుకే రాసి పెడుతున్నాను.

బెంగళూరులో నలభై ఏళ్లు ఇళ్లకు రంగులు వేశాను. చివరి ఇరవై ఏళ్లు ఎక్కువగా బంగారు రంగు పనే. హాల్లో ఒక గోడ, పూజగది తలుపు, సీలింగు అంచున పూలు, మెట్ల పక్క గ్రిల్లు, ఇలా ఎవరి ముచ్చట వారిది. కె.ఆర్.పురంలో నారాయణప్ప ఇల్లెక్కడ అని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు. బంగారం మేస్త్రీ ఇల్లు అంటే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపుతారు. కుడి భుజం పైకి లేవకుండా పోయాక పని మానేశాను. పెళ్లికి పోతే కూడా ముందు మంటపానికి వేసిన రంగు చూస్తాను, తరువాతే పెళ్లికొడుకుని చూస్తాను. ఆ జబ్బు మాత్రం పోలేదు.

ఎన్ని ఇళ్లు చేశాను, ఎవరెవరు మెచ్చుకున్నారు అనేది ఇక్కడ రాయను. దానితో మీకు పనిలేదు. చేసిన తప్పులు రాస్తాను. వాటిలో ఒకటి పెద్దది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పిళ్లప్ప మేస్త్రీ

నాకు పని నేర్పినవాడు పిళ్లప్ప మేస్త్రీ. ముక్కు మీద కోపం. బ్రష్ సరిగా కడగకపోతే ఆ బ్రష్షే మన మీదికి ఎగిరొచ్చేది. కానీ గోడ ముందు నిలబడితే ఆయన చెయ్యి చూడాలి. పై నుంచి కిందికి ఒక్క ఊపిరిలో లాగినట్టు లాగేవాడు. ఎక్కడ ఆగాడో, ఎక్కడ మళ్లీ మొదలుపెట్టాడో వెతికినా దొరికేది కాదు.

ఒకరోజు ఇందిరానగర్లో ఒక ఇంట్లో బంగారు గోడ వేస్తున్నాను. సగం అయింది. ఇంటావిడ కాఫీ ఇచ్చింది. వేడిగా తాగితేనే మర్యాద అనుకుని నిచ్చెన దిగాను. తాగి, ఆవిడ ఊరు ఏదో అడిగి, తిరిగి ఎక్కేసరికి పావుగంట. గోడ ఆరిపోయింది. నేను ఆపినచోట నిలువునా ఒక గీత. పైన ఇంకో పూత వేశాను, గీత ఇంకా బలిసింది. మధ్యాహ్నం పిళ్లప్ప వచ్చి చూశాడు.

"ఒరే నారాయణా, ఈ గోడకు జడ ఎవురు అల్లినార్రా?" అన్నాడు.

"కాఫీ ఇచ్చిరి మేస్త్రీ, చల్లారిపోతాదని..."

"చల్లారిపోనీ! బంగారం ఎత్తుకుంటే ఈ మూల నుంచి ఆ మూలకు పోయేదాకా నిలబెట్టొద్దు. కడుపు నొస్తా ఉండినా మూలకు పోయినంక పో. తెలిసిందా అప్పా?"

గోడంతా ఉప్పు కాగితంతో, అంటే గరుకు కాగితంతో, రుద్దించి మళ్లీ మొదటి నుంచి వేయించాడు. రుద్దుతున్నంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నా కాఫీ కూడా ఆయనే తాగాడు. మూల నుంచి మూలకు ఆగకుండా పోవడం, చివరి పూత అంతా ఒకే వైపుకు లాగడం, కింద ముందుగా మట్టి రంగు పూత వేసుకోవడం, ఈ మూడూ ఆయన పెట్టిన భిక్ష. మీరు కూడా ఇవి మరవకండి.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. అది నేర్చుకోకుండా ఉంటే బాగుండేది. ఇంటివాళ్ల మాట పిళ్లప్ప ఎప్పుడూ వినేవాడు కాదు. వాళ్లు చెబుతుంటే తలూపేవాడు, వాళ్లు అటు తిరగగానే తనకు నచ్చింది చేసేవాడు. "ఇంటోళ్లకేం తెలుసురా? చేసినంక చూసి వాళ్లే సంతోషపడ్తారు" అనేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అలాగే సంతోషపడేవారు కూడా. ఆ తొమ్మిదిసార్లే మమ్మల్ని చెడగొట్టాయి.

రూపాయి బిళ్లంత మచ్చ

బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ దంపతులు. హాల్లో టీవీ వెనక గోడ బంగారం చేయమన్నారు. "మెటాలిక్ లుక్ కావాలి అంకుల్, కానీ టూ మచ్ షైన్ వద్దు" అని ఆ అమ్మాయి. "షైన్ ఉండాలి అంకుల్, లేకపోతే ఎందుకు?" అని అబ్బాయి. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసేసరికే ఒక పూట గడిచింది. గోడ బాగా వచ్చింది. వారానికి ఫోన్. కుర్చీ తగిలి రూపాయి బిళ్లంత చోట రంగు లేచిందట. "చిన్న టచప్ అంకుల్, ఫైవ్ మినిట్స్" అన్నాడు అబ్బాయి.

బంగారు గోడకు అతుకు పడదని నాకు తెలుసు. అదే డబ్బా, అదే బ్రష్, అదే చెయ్యి అయినా పడదు. అయినా అంత ప్రేమగా అడుగుతున్నారు కదా అని మొహమాటానికి పోయి అద్దాను. రూపాయి బిళ్ల కాస్తా పళ్లెమంత అయింది. సోఫాలో కూర్చుంటే కనబడదు, వంటింట్లోంచి వస్తుంటే పుట్టుమచ్చలాగా కనబడుతుంది. చివరకు గోడంతా మళ్లీ వేసిచ్చాను. కాబట్టి పిల్లలూ, ఎవరైనా చిన్న అతుకు వేయమంటే గోడంతా వేస్తానని చెప్పండి, లేదంటే ఆ మచ్చతోనే ఉండమనండి. మొహమాటం మనసులో ఉంచుకోండి, బ్రష్‌లోకి రానివ్వకండి.

సుగుణ సిస్టర్ అడిగింది

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

సుగుణ సిస్టర్‌ది ఒంగోలు వైపు. పెళ్లయిన కొత్తలో బెంగళూరు వచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేరింది. కె.ఆర్.పురం స్టేషను వెనక సందులో మేడ మీద చిన్న ఇల్లు, ఇద్దరూ కష్టపడి కొనుక్కున్నది. భర్త దానియేలు మాస్టారు బడిలో లెక్కలు చెప్పేవారు. కంటి వెనక పొర కొద్దికొద్దిగా పాడైపోయే జబ్బు వచ్చింది. ముందు రాత్రిపూట కనబడడం పోయింది, తరువాత పక్కలు పోయాయి, తరువాత నల్లబల్ల పోయింది. యాభై రాకముందే బడి మానేశారు. నాకు పరిచయమయ్యేనాటికి వెలుతురు ఏదో, చీకటి ఏదో తెలిసేది, బాగా మెరిసేవి ఏవైనా ఉంటే మసకగా తెలిసేవి. అంతే.

సిస్టర్ మా ఇంటికి వచ్చి, నోటుబుక్కులోంచి చింపిన కాగితం బల్ల మీద పరిచింది. దాని మీద వాళ్ల ఇల్లు గీసుకొచ్చింది.

"మేస్త్రీ గారూ, హాల్లో ఈ పెద్ద గోడకి ముదురు నీలం వేయాలండి. మెరుపు అస్సలు లేనిది. దాని మీద నడుమెత్తున ఇదిగో, నాలుగు వేళ్ల వెడల్పున బంగారు పట్టీ. పడగ్గది గుమ్మం దగ్గర మొదలై బయటి తలుపు దాకా తెగకుండా వెళ్లాలి. తలుపు చుట్టూ కూడా అంతే. ఇంకెక్కడా బంగారం వద్దండి" అంది.

"బంగారమే ఎందుకమ్మా? తెలుపు ఏస్తే చాలదా?"

"పోయిన క్రిస్మస్‌కి మా నీలం తెర మీద బంగారు కాగితం నక్షత్రం కట్టామండి. ఆయన కుర్చీలో కూర్చుని, అదేంటి సుగుణా అక్కడ అని చెయ్యి చాపారు. తర్వాత తెల్ల కాగితం పెట్టి చూశాను, పసుపుది పెట్టి చూశాను, ఎరుపుది పెట్టి చూశాను. ఏదీ దొరకలేదు ఆయనకి. నీలం తెర మీద బంగారు కాగితం ఒక్కటే దొరికింది."

ఇదంతా ఇప్పుడెందుకని అడిగాను. ఇన్నాళ్లూ తను డ్యూటీకి వెళ్తే పక్కింటి ఆవిడ మాస్టారుని కనిపెట్టుకుని ఉండేదట. ఆవిడ ఇల్లు మారిపోతోంది. ఇక నుంచి రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు మాస్టారు ఇంట్లో ఒక్కరే ఉండాలి. మంచం దగ్గర నుంచి స్నానాలగదికి, వంటింటికి, తలుపు దాకా తనంతట తాను తిరగగలగాలి. ఏమైనా జరిగితే తలుపు తీసుకుని బయటకు రాగలగాలి.

"ఆయన ఉండగలిగితే నా ఉద్యోగం ఉంటుందండి. ఉండలేకపోతే మానేయాలి. మానేస్తే మా ఇద్దరికీ ఇంకో దారి లేదు" అంది. ఏడవలేదు. రోగి సంగతి డాక్టరుకు చెబుతున్నట్టు చెప్పింది.

ఇంత విడమరచి ఎవరూ నాకు పని చెప్పలేదు. కాగితం జేబులో పెట్టుకుని, "నేనుండా కదమ్మా" అన్నాను.

నేను చేసింది

గోడ ముందు నిలబడ్డాక నాలో పిళ్లప్ప లేచాడు. ముదురు నీలం వేస్తే ఆ చిన్న హాలు గుహలాగా అయిపోతుంది. దాని మీద సన్నటి బంగారు గీత లారీ పక్కన లాగిన గీతలాగా ఉంటుంది. నా పేరు బంగారం మేస్త్రీ. నా చేత్తో లారీ గీతా? పైగా ఆయనకు బంగారం కనబడుతుందని ఆవిడే చెప్పింది. నాలుగు వేళ్లు కనబడితే, గోడంతా వేస్తే ఇంకా బాగా కనబడదా? ఇదీ నా లెక్క. లెక్కల మాస్టారు ఎదురుగా ఉండగా నేను వేసిన లెక్క.

సిస్టర్ డ్యూటీకి వెళ్లింది. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, ఈ గోడంతా బంగారం చేసేస్తా. తలుపు కూడా. ఇల్లు దేవలోకం మాదిరి ఉంటాది చూడండి" అన్నాను.

"సుగుణ ఏం చెప్పిందో అదే చేయండి మేస్త్రీ గారూ."

"అమ్మ చూసినంక ఆయమ్మే సంతోషపడ్తాది. మీరు సుమ్నే ఊరుకోండి, నా మాట వినండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నేనెలాగూ చూసేది లేదు కదండీ. మీ ఇష్టం" అన్నారు.

ఆ మాట నాకు ఒప్పుకోలులాగా వినబడింది. మర్యాదస్తుడు విసిగిపోయి అన్న మాట అని ఇప్పుడు తెలుస్తోంది. మీకు ఎవరైనా 'మీ ఇష్టం' అంటే వెంటనే బ్రష్ కింద పెట్టి, ఇంకోసారి అడగండి.

మొదటి రోజు వేసింది మట్టి రంగు పూతే కాబట్టి సిస్టర్‌కు అనుమానం రాలేదు, రెండో రోజుకు గోడ పూర్తి చేశాను. నిజం చెప్పాలంటే నా జన్మలో అంత మంచి గోడ వేయలేదు. ఒక్క జాడ లేదు, ఒక్క అతుకు లేదు. తలుపు, చట్రం, గోడ మూడూ ఒకే బంగారం. ఎక్కడ గోడ అయిపోయి ఎక్కడ తలుపు మొదలైందో తెలియకుండా కలిపేశాను. దానికి ఎంత మురిసిపోయానో!

సిస్టర్ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు విప్పడం మరిచిపోయింది.

"బాగుందండి" అంది నెమ్మదిగా. "పట్టీ ఎక్కడండీ?"

"గోడంతా పట్టీనే కదమ్మా!" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఏదో చెప్పబోయి, పెద్దవాడిని, కష్టపడ్డాను అనుకుందేమో, ఊరుకుంది.

మర్నాడు సాయంత్రం వాళ్లింట్లో గృహ ప్రార్థన. సంఘం వాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. నన్నూ పిలిచారు. పాస్టరు అయ్యగారు లోపలికి వస్తూనే, "సుగుణమ్మా, ఇల్లు సొలొమోను మందిరంలాగా ఉంది!" అన్నారు. ఆడవాళ్లు గోడ ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఇద్దరు ముగ్గురు నా ఫోన్ నంబరు రాసుకున్నారు. నేను వెనక చాప మీద కూర్చుని కేకు తింటూ ఆ మాటలన్నీ విన్నాను. కాళ్లు నేల మీద లేవు.

అంతమందిలో మాస్టారుని ఎవరూ అడగలేదు. పాటలు పాడుతున్నంతసేపూ ఆయన గోడ వైపు తిరిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. భక్తిగా ప్రార్థనలో ఉన్నారనుకున్నాను.

మూడు కుట్లు

రెండు రోజులకు నాకు ఫోన్ వచ్చింది. మాస్టారు పడిపోయారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు అని. చేతిలో పనేదో పారేసి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఇంటికి తెచ్చేశారు. కుడి కనుబొమ్మ మీద మూడు కుట్లు. చొక్కా మీద రక్తం ఇంకా అలాగే ఉంది. సిస్టర్ యూనిఫాం మార్చుకోకుండా పక్కనే కూర్చుని ఉంది.

"ఏం జరిగింది మాస్టారూ?" అన్నాను.

ఆయన చిన్నగా నవ్వారు. "బెల్లు మోగిందండి. లేచాను. కిటికీలోంచి ఎండ పడుతోందనుకుంటాను, అంతా ఒకటే వెలుగు. దాంట్లో ఒకచోట ఇంకా ఎక్కువ మెరిసింది. అదే తలుపు అనుకుని బయల్దేరాను. నేను రెండడుగులు వేస్తే అది కూడా రెండడుగులు జరిగింది మేస్త్రీ గారూ. తలుపు ఎవరో తెరుస్తున్నారేమో అనుకున్నాను. ఇంకో రెండడుగులు వేశాను. బీరువా మూల తగిలింది."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. బంగారు రంగు మెరుపు ఒకచోట నిలబడదు. మనిషి నడిస్తే మనిషితోపాటు నడుస్తుంది. ఇది నాకు తెలియదా? ఇరవై ఏళ్లుగా ఇదే చెప్పి కదా ఇల్లిల్లూ ఒప్పించాను, "ఎక్కడ నిలబడి చూస్తే అక్కడ కొత్తగా మెరుస్తాది సార్" అని! కళ్లున్నవాడికి అది సంబరం. ఆ మనిషికి అది కదిలిపోయే తలుపు. నాలుగు వేళ్ల పట్టీ అయితే మెరుపుకు కదలడానికి చోటు ఉండదు. నీలం గోడ రెండు వైపులా దాన్ని పట్టుకుని ఉంచుతుంది. ఇదంతా ఆ నర్సమ్మ కాగితాలు పెట్టి చూసి కనిపెట్టింది. బంగారం మేస్త్రీకి తోచలేదు.

సిస్టర్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను దారి గీయమన్నానండి" అంది, అంతే. మాస్టారు చొక్కా గుండీలు విప్పుతూ, "నాలుగు రోజులు సెలవు పెట్టాను. అయిదో రోజు మధ్యాహ్నం డ్యూటీ ఉంది. ఆ రోజు వెళ్లి మానేస్తున్నానని చెప్పేస్తాను" అంది.

"నాలుగు దినాలు ఉండాది కదమ్మా. నేను మళ్లీ చేస్తా."

"వద్దండి. ఇంక వద్దు. మీ గోడ మీకు ముఖ్యం, నా మనిషి నాకు ముఖ్యం."

లేచి చెప్పులు వేసుకుంటున్నాను. వెనక నుంచి మాస్టారు పిలిచారు.

"సుగుణా, మేస్త్రీ గారిని ఉండనివ్వు. తప్పు చేసినవాడికి లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. కొత్తవాడిని తెస్తే మళ్లీ మొదటి నుంచి తప్పుతాడు."

బడిలో ఎన్నేళ్లు పాఠం చెప్పారో గానీ, ఆ ఒక్క మాటకు నేను ఆయన శిష్యుణ్ణి అయిపోయాను.

డబ్బా మూత తీయని రోజు

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ముందు ఆ గోడను రుద్దాలి. నా జన్మలో అంత మంచి గోడ అన్నాను కదా, ఉప్పు కాగితం పెట్టి రుద్దుతుంటే చేతిలోంచి ప్రాణం పోతున్నట్టే ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి, అంత జరిగాక కూడా ఆ గోడ మీద ప్రేమ చావలేదు. ముక్కు మూసుకుని రుద్దేశాను. మధ్యాహ్నానికి మెరుపు పోయింది.

తరువాత డబ్బా మూత తీయలేదు. మాస్టారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పనిలో అన్నేళ్లలో రంగు తెరవకుండా ఒక పూట గడిపింది అదే మొదటిసారి. నీలం పూసిన చెక్క పలక మీద బంగారు పట్టీలు రకరకాలుగా వేసుకొచ్చాను. ఒకటి బాగా మెరిసేది, ఒకటి పైన మెరుపు చంపే వార్నిష్ పూసింది, ఒకటి అడ్డంగా లాగింది, ఒకటి నిలువుగా లాగింది. ఒక్కొక్కటీ గోడకు ఆనించి పట్టుకుని, ఆయన్ను అటూ ఇటూ నడవమన్నాను.

"ఇది ఉండాదా మాస్టారూ?"

"ఉంది."

"ఇప్పుడు?"

"పారిపోయింది."

"ఇది?"

"ఇది కూర్చుంది. అక్కడే కూర్చుంది. ఇదేంటి, వేరే డబ్బానా?"

అది మెరుపు చంపిన పట్టీ, నిలువుగా లాగింది. సగం మెరుపు పోగొట్టిన బంగారం, ఇంకొకరెవరైనా చూస్తే నా పని కాదంటారు. ఎండ కిటికీలోకి వచ్చినప్పుడు ఒకసారి చూశాం, పోయాక ఒకసారి, లైటు వేసి ఒకసారి. సిస్టర్ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. మొదట చేతులు కట్టుకుని నిలబడింది. మూడోసారికి తనే వచ్చి పలక ఇంకో చివర పట్టుకుంది.

నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆయన్నే అడిగాను.

"మాస్టారూ, పట్టీ కింద పుట్టీతో సన్నంగా గట్టు కట్టనా? వేలికి తగిలే అంత. ఒగ దినం కంటికి దొరక్కపోయినా చేతికి దొరుకుతాది."

పిళ్లప్ప బతికి ఉంటే నన్ను గోడకు కట్టేసి ఉండేవాడు. బంగారు రంగు వేసిన గోడ మీద గోరు కూడా పట్టకూడదు అనేది ఆయన సూత్రం. మాస్టారు మాత్రం చూపుడు వేలితో కుర్చీ చేతి మీద ఒక గీత గీశారు, మళ్లీ వెనక్కి గీశారు.

"కట్టండి" అన్నారు. "ఆ దినం కూడా వస్తుంది కదా. ఇప్పుడే అలవాటు చేసుకుంటాను." ఆ మాట వినగానే సిస్టర్ వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినబడింది.

రెండు రోజులు నీలం. ఒక రోజు గట్టు, అది ఆరాక మట్టి రంగు, దాని మీద బంగారం. పడగ్గది గుమ్మం నుంచి బయటి తలుపు దాకా, మూల తిరిగేచోట కూడా ఆగకుండా వేశాను. సిస్టర్ తన కాగితం తెచ్చి పక్కన నిలబడి సరిచూసింది. స్విచ్చుబోర్డు పక్కన పట్టీ వంటింటి వైపు చీలాలి, స్నానాలగది చట్రానికీ పట్టీ ఉండాలి, అవి తన కాగితంలో లేవని తనే గుర్తు చేసుకుని చెప్పింది. నేను ఆమె చెప్పిందల్లా చేశాను, చెప్పనిది ఒక్కటి కూడా చేయలేదు.

తలుపు

అయిదో రోజు మధ్యాహ్నం. స్నానాలగది చట్రానికి చివరి పూత వేస్తున్నాను. పొద్దున నుంచి మాస్టారు పట్టీ వెంట పది పదిహేను సార్లు తిరిగారు. కానీ ప్రతిసారీ సిస్టర్ ఒక అడుగు వెనకాలే ఉంది, రెండు చేతులూ పట్టుకోవడానికి సిద్ధంగా చాపి. ఆయనకు అది తెలియకుండా ఉండదు. మనిషి వెనక మనిషి ఉంటే అది ఒక్కరే తిరగడం కాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరమూ అనలేదు.

ఒంటిగంట దాటాక సిస్టర్ యూనిఫాం వేసుకుంది. మాస్టారుకు అన్నం పెట్టి, గిన్నెలు సర్ది, బ్యాగు భుజాన వేసుకుంది. ఆసుపత్రికి వెళ్లి ఏం చెప్పాలనుకుంటోందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

"వెళ్లొస్తాను" అంది.

"మంచిది. జాగ్రత్త" అన్నారు మాస్టారు.

తలుపు వేసుకుని వెళ్లింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది, తరువాత ఆగిపోయింది. మాస్టారు పడగ్గదిలోకి వెళ్లి పడుకున్నారు. నేను బ్రష్ పట్టుకుని పనిలో పడ్డాను.

పావుగంట గడిచింది. బెల్లు మోగింది. అలవాటు ప్రకారం బ్రష్ చేతిలో పట్టుకునే లేచాను.

"మేస్త్రీ గారూ, మీరు కూర్చోండి" అని లోపలి నుంచి మాస్టారు గొంతు.

కూర్చున్నాను. ఆయన గుమ్మంలోకి వచ్చారు. ఒక క్షణం నిలబడి తల అటూ ఇటూ తిప్పారు. కిటికీలోంచి అదే ఎండ హాల్లోకి పడుతోంది, ఆయన పడిపోయిన రోజు పడ్డట్టే. నోరు తెరిస్తే 'జాగ్రత్త' అనేస్తానని పెదవి కొరుక్కున్నాను. ఆయన ఎడమ చెయ్యి చాపారు. వేళ్లు గట్టు మీద ఆనాయి. బయల్దేరారు. తొందర లేదు, తడుములాట లేదు. బీరువా పక్క నుంచి పోయారు. మూల దగ్గర పట్టీతోపాటు తిరిగారు. తలుపు చట్రం దగ్గరికి రాగానే తల ఎత్తి, చుట్టూ ఉన్న బంగారాన్ని ఒకసారి చూశారు. అవును, చూశారనే రాస్తున్నాను. గడియ తీశారు. తలుపు లాగారు.

గుమ్మం అవతల సుగుణ సిస్టర్ నిలబడి ఉంది. బస్సు ఎక్కలేదు. అంతసేపూ మెట్ల మీదే ఉంది.

"ఎవరండీ?" అన్నారు మాస్టారు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఒక వెక్కు బయటపడింది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. మాస్టారు అలాగే తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఆ వెక్కు ఎవరిదో తెలిసి ఆయన మొహం మారింది, నవ్వు వచ్చింది.

"సుగుణా, రెండింటికి కదా నీ డ్యూటీ? ఇంకా ఇక్కడేం చేస్తున్నావు, వెళ్లు" అన్నారు.

ఆవిడ చేత్తోనే మొహం తుడుచుకుని, బ్యాగు గట్టిగా పట్టుకుని, మెట్లు రెండేసి దిగుతూ బస్సు కోసం పరిగెత్తింది.